తాటిచెట్టంత కప్ప

మృగశిర కార్తె ప్రవేశించి, కాలువలకు నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడేసరికి ఈ ఫొటోల శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కప్పలు దూకడం ఏటా మామూలే. ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకులే ఎక్కువగా రాశారు. వైడ్ యాంగిల్ లెన్సుతో కప్పను అతి దగ్గరగా, దాని నీటితో, చేనుతో సహా తీయడం గురించి వచ్చిన ప్రశ్నలకే ఈ నెల చోటంతా ఇస్తున్నాము. పెళ్ళి ఆల్బముల గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టగలరు.

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. రెండేళ్ళుగా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో కప్పల ఫొటోలు తీస్తున్నాను. కన్ను, చర్మం మీది బొడిపెలు చక్కగా వస్తాయి గాని వెనక ఏమీ కనబడదు. పొన్నూరు వైపు పొలాల్లో తీసినా, మా పెరట్లో తీసినా ఒకే తీరుగా ఉంటుంది. కప్ప పెద్దగా కనబడుతూ, దాని వెనక చేను, ఆకాశం కూడా కనబడేలా తీయాలంటే ఏ లెన్సు కొనాలి?

జవాబు: కొనడం సంగతికి వస్తాను గాని, ముందు మీ ఫొటోల్లోంచి చేను ఎందుకు మాయమవుతున్నదో చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సరున్నది) మీద 100 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా చూసేది సుమారు 20 డిగ్రీల మేర. 15 మిల్లీమీటర్ల లెన్సు చూసేది సుమారు 100 డిగ్రీలు. మొదటిది తలుపు సందులోంచి తొంగిచూసినట్టు, రెండోది వీధి అరుగు మీద కూర్చుని చూసినట్టు. ఇక దూరం సంగతి. 5 సెంటీమీటర్ల కప్ప లెన్సుకు 10 సెంటీమీటర్ల ఎదుట కూర్చుందనీ, 15 మీటర్ల తాటిచెట్టు 30 మీటర్ల అవతల గట్టు మీద ఉందనీ అనుకోండి. రెండింటికీ ఎత్తు, దూరంలో సగమే కనుక ఫొటోలో రెండూ సమానమైన ఎత్తున నిలుస్తాయి. అదే కప్పను మీరు మాక్రో లెన్సుతో 40 సెంటీమీటర్ల నుంచి చూస్తే తాటిచెట్టు కప్పకు నాలుగింతలవుతుంది. ఆ ఇరుకు చూపులో అది పట్టదు, మొద్దు ముక్క ఒకటి మసకగా మిగులుతుంది. కప్ప తాటిచెట్టంత కావాలంటే మీరు దాని ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరికి పోవలసిందే. అంత దగ్గర నుంచి కూడా ఆ రెండూ ఒకే చట్రంలో పట్టడానికి వైడ్ లెన్సు కావాలి.

అయితే ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), ఎంత బిగించినా వెనక చేను పరక పరకా స్పష్టంగా వస్తుందని ఆశించకండి. 15 మిల్లీమీటర్ల లెన్సును తన నుంచి 12 సెంటీమీటర్ల దూరానికి ఫోకస్ చేసి ఎఫ్/16 పెడితే, ఎ4 కాగితమంత ప్రింటులో దూరాన ఉన్న వస్తువుల అంచు ఒక మిల్లీమీటరు మేర చెదురుతుంది. ఎఫ్/4 పెడితే అది నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. మొదటి ఫొటోలో తాటిచెట్టును తాటిచెట్టుగా పోల్చుకోగలం, రెండోదానిలో అది చీపురు కట్టో, చెట్టో తేలదు. ఎఫ్/11కూ ఎఫ్/16కూ మధ్య ఉండడం నాకు అలవాటు. ఇంకా బిగిస్తే కాంతి వివర్తనం (సన్నని రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదరడం) వల్ల కప్ప చర్మం కూడా మెత్తబడిపోతుంది.

ఇప్పుడు లెన్సు. మీరు చూడవలసిన అంకె కనీస ఫోకస్ దూరం. దానిని లెన్సు ముందు గాజు నుంచి కాక, కెమెరా లోపలి సెన్సర్ నుంచి కొలుస్తారన్నది చాలామంది కొన్నాక గాని గమనించరు. 2015లో వచ్చిన లావోవా 15 మిల్లీమీటర్ల వైడ్ మాక్రో 1:1 దాకా, అంటే జీవి నిజ పరిమాణమంతా సెన్సర్ మీద పడేదాకా పోతుంది, దాని కనీస ఫోకస్ దూరం 12 సెంటీమీటర్లు. కెమెరా మందం, లెన్సు పొడవు పోగా గాజుకూ కప్పకూ మధ్య మిగిలేది అర సెంటీమీటరు లోపే. అంత దగ్గరికి పోతే వెలుతురు రాదు, కప్ప ఉండదు. ఈ రకం ఫొటోకు జీవి నిజ పరిమాణంలో నాలుగో వంతు సెన్సర్ మీద పడితే చాలు. కనుక 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండి, దగ్గరగా ఫోకస్ అయ్యే మామూలు లెన్సు ఏదైనా పనికివస్తుంది. కానన్ ఆర్‌ఎఫ్ 24 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 సగం పరిమాణం దాకా ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలించే గాజు లేని గొట్టం) చౌక గాని, వైడ్ లెన్సుతో దాని లెక్క తిరగబడుతుంది: 24 మిల్లీమీటర్ల లెన్సుకు 12 మిల్లీమీటర్ల ట్యూబు తగిలిస్తే ఒక్కసారిగా సగం పరిమాణం వస్తుంది, ఇంకా వెడల్పు లెన్సుకైతే ఫోకస్ బిందువు గాజు లోపలికే పోయి కూర్చుంటుంది.

నిజానికి ఈ సీజనుకు మీరు ఏమీ కొనకుండా, కెమెరాతో వచ్చిన 18–55 లెన్సును 18 దగ్గర పెట్టి మొదలుపెట్టమంటాను. ఆ లెన్సులు చాలావరకు సెన్సర్ నుంచి 25 సెంటీమీటర్లకు ఫోకస్ అవుతాయి. గాజు ముందు మిగిలేది జానెడు కూడా ఉండదు. చిన్న కప్పకు అది చాలదు గాని, మన బోదురుకప్ప 15 సెంటీమీటర్ల దాకా పెరిగే జీవి. తొలకరి గట్టిగా పడ్డాక కొద్ది రోజుల పాటు మగ బోదురుకప్పలు నిమ్మపండు పసుపు రంగు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలి తిత్తులు ఉబ్బించి, నీళ్ళు నిలిచిన చేలల్లో పట్టపగలే అరుస్తాయి. ఆ నీలి తిత్తి ఉబ్బినప్పుడల్లా చుట్టూ నీటి మీద సన్నని వలయం లేస్తుంది. మబ్బు పట్టిన ఆకాశం ఆ నీటిలోనే కనబడుతుంది. వైడ్ లెన్సుకు అంతకన్న మంచి ముహూర్తం ఏడాదిలో మళ్ళీ రాదు. రంగు త్వరగా వెలిసిపోతుంది కనుక, వాన పడిన మర్నాడు సెలవు పెట్టుకోగలిగితే పెట్టుకోండి.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరికి చెబుతున్నాను. మాక్రో అలవాటున్నవారు ముందు కప్పను వెతుకుతారు. ఈ ఫొటోకు ముందు వెతకవలసింది వెనకటి దృశ్యాన్ని. ఉండవల్లి గుహల కొండ వెనకగా వచ్చే చేను, కంకిపాడు వైపు గట్ల మీది తాళ్ళ వరుస, దుగ్గిరాల కాలువ మలుపు, వీటిలో ఏదో ఒకటి పగటిపూట చూసుకుని, సూర్యుడు ఎటు దిగుతాడో గమనించి, ఆ దృశ్యానికి ఎదురుగా ఉన్న గట్టు వారన కూర్చోండి. కప్ప మీ దగ్గరికి రాకపోవచ్చు గాని, ఉన్న కప్పల్లో ఆ దిక్కుకు అడ్డంగా కూర్చున్నది ఒకటి తప్పక దొరుకుతుంది. నేను ఈ నియమం నేర్చుకోకముందు, దుగ్గిరాల దగ్గర పసుపుపచ్చని బోదురుకప్ప ఎదుట ముప్పావు గంట బోర్లా పడుకుని, ఒళ్ళంతా బురద చేసుకుని తీసిన నలభై ఫొటోల్లో ప్రతిదానిలోనూ దాని నెత్తిన కరెంటు స్తంభం మొలిచి ఉంది. అర అడుగు పక్కకు జరిగి ఉంటే సరిపోయేది. కప్ప కంటిలో బంగారు రేకులు లెక్కపెడుతూ స్తంభాన్ని చూడలేదు.

పడుకోవడానికి ఖాళీ యూరియా బస్తా బాగా పనికివస్తుంది. లెన్సు కప్ప కంటి ఎత్తున గాని, ఇంకా కిందగా గాని ఉండాలి. నిలబడి కిందికి చూస్తే వెనక వచ్చేది బురదే, చేను రాదు. నీటి మీద గెంతుకుంటూ పోయే చిన్న కప్పలు మొదట పారిపోతాయి గాని, మీరు కదలకుండా ఉంటే కాసేపటికి అదే చోటికి తిరిగివచ్చి కళ్ళు మాత్రం పైకి పెట్టి తేలతాయి. జరిగేటప్పుడు మీ నీడ వాటి మీద పడనీయకండి; అడుగుల చప్పుడు కన్న అదే వాటిని ఎక్కువ బెదిరిస్తుంది.

ప్రశ్న: నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. కెమెరా కొనే స్తోమత లేదు, ఫోను ఒకటే ఉంది. దానిలో మాక్రో అని వేరే కెమెరా ఉంది గాని ఫొటోలు మసకగా వస్తున్నాయి. ఫోనుతో ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే తల్లీ, కొన్ని సందర్భాల్లో పెద్ద కెమెరా కన్న సులువు కూడా. ఫోను సెన్సర్ చాలా చిన్నది కనుక వెనక దృశ్యం దానంతటదే పోల్చుకోగలిగినంత స్పష్టంగా వస్తుంది. చౌక ఫోన్లలో మాక్రో పేరుతో పెట్టే 2 మెగాపిక్సెళ్ళ కెమెరా ప్రకటనలో అంకె పెంచడానికి తప్ప ఎందుకూ కొరగాదన్నది నా అభిప్రాయం, దానిని మరిచిపోండి. అల్ట్రావైడ్ కెమెరాకు ఆటోఫోకస్ ఉందో లేదో చూడండి. 2021లో ఐఫోన్ 13 ప్రోతో 2 సెంటీమీటర్ల నుంచి ఫోకస్ అయ్యే అల్ట్రావైడ్ వచ్చింది, తరువాత ఇతర కంపెనీల ఖరీదైన ఫోన్లలోనూ ఆ సదుపాయం కనబడుతోంది. పరీక్ష చాలా తేలిక: అల్ట్రావైడ్‌కు మార్చి, అగ్గిపెట్టెను నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి దాని మీది అక్షరాలు చదవడానికి వస్తాయేమో చూడండి. రాకపోతే మామూలు కెమెరాతోనే, అది ఫోకస్ కాగల అతి దగ్గరి దూరం నుంచి పెద్ద కప్పలను తీయండి.

ఫోనును తలకిందులుగా పట్టుకోవడం మరిచిపోకండి. లెన్సులు ఫోను పై మూలలో ఉంటాయి. నిలువుగా పట్టుకుంటే అవి నేలకు జానెడు ఎత్తున ఉండిపోతాయి. తిరగేసి పట్టుకుంటే గట్టు మీద, నీటి అంచున, కప్ప గడ్డం ఎత్తుకు దిగుతాయి. ఆకాశం తెల్లగా పాలిపోతుంటే తెర మీద ఆకాశాన్ని తాకి వెలుతురు తగ్గించండి. కప్ప కొంచెం నల్లబడినా తరువాత ఫోనులోనే సరిచేసుకోవచ్చు, పోయిన మబ్బు మాత్రం తిరిగి రాదు.

ప్రశ్న: భవానీపురం, విజయవాడ. సాయంత్రం పూట వైడ్ లెన్సుతో కప్పను తీస్తుంటే కెమెరా పైన ఉన్న ఫ్లాష్ వల్ల లెన్సు నీడ కప్ప మీద అర్ధచంద్రంలా పడుతోంది. ఫ్లాష్ తీసేస్తే కప్ప నల్లగా, వేస్తే ఆకాశం నల్లగా వస్తోంది.

జవాబు: ఇవి రెండు వేరు వేరు సమస్యలు. కప్ప లెన్సు మూతికి అంత దగ్గరగా ఉన్నప్పుడు పైనున్న ఫ్లాష్‌కు మధ్యలో లెన్సే అడ్డు. ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, తీగతో గాని వైర్‌లెస్ ట్రిగ్గర్‌తో గాని కలిపి, ఎడమ చేతితో కప్పకు పైన, కొంచెం పక్కగా పట్టుకోవాలి. దాని ముందు తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతో, రెండు మడతల ట్రేసింగ్ కాగితమో కట్టకపోతే తడి చర్మం మీద తెల్లని చుక్కలు మెరుస్తాయి. కప్ప చర్మం ఎప్పుడూ తడిగానే ఉంటుంది కనుక ఆ వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది.

రెండోదానికి క్రమం మార్చుకోవాలి. ముందు కప్పను మరిచిపోయి ఆకాశానికి మాత్రమే వెలుతురు కుదుర్చుకోండి. సూర్యుడు దిగిన పది నిమిషాలకు ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే తీరు) 400, ఎఫ్/11 పెట్టి, ఆకాశం కంటికి కనబడేదానికన్న ఒక స్టాపు తక్కువగా, అంటే సగం వెలుతురే పడేలా షట్టరు సరిచేస్తే మబ్బుల రంగు నిలుస్తుంది. ఆ తరువాత ఫ్లాష్‌ను పదహారో వంతు శక్తి నుంచి మొదలుపెట్టి కప్ప కనబడేంత వరకే పెంచండి. షట్టరు వేగం మారిస్తే ఆకాశం మారుతుంది గాని, ఫ్లాష్ వెలుగు లిప్తలో ముగిసిపోతుంది కనుక కప్ప మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటి పోకూడదన్నది ఒక్కటే హద్దు. చీకటి పడ్డాక మాత్రం ఒక కప్ప మీద నాలుగైదు మెరుపులకు మించి వేయకండి. చీకటికి అలవాటుపడిన కళ్ళు అవి.

ప్రశ్న: చిట్టినగర్, విజయవాడ. మా నీళ్ళ తొట్టి గోడకు, నీటికి జానెడు పైన సబ్బు నురగ లాంటిది అతుక్కుని ఉంది. అమ్మ కడిగేస్తానంటోంది. అది కప్ప పనేనా? ఫొటో తీయదగినదేనా?

జవాబు: అమ్మగారిని ఒక వారం ఆగమనండి. అది చెట్టుకప్ప కట్టుకున్న నురగ గూడు. ఆడకప్ప తన ఒంటి నుంచి వచ్చే స్రావాన్ని వెనక కాళ్ళతో గిలక్కొట్టి నురగ చేసి, గుడ్లను దానిలో పెడుతుంది. పై పొర ఎండి అట్ట కడుతుంది, లోపల తడి నిలుస్తుంది. సాధారణంగా నాలుగైదు రోజుల్లో పిల్లలు నురగను వదులు చేసుకుని కిందనున్న నీటిలోకి రాలతాయి; నీటికి సరిగ్గా పైన కట్టడం అందుకే. వైడ్ లెన్సుకు ఇది బంగారంలాంటి అవకాశం. ఎదురు నుంచి కాకుండా, తొట్టి లోపలి నుంచి, నీటి మట్టానికి అంగుళం పైన కెమెరా పెట్టి పైకి చూస్తే ఎదుట గూడు, దాని మీదుగా మీ పెరటి జామచెట్టో, డాబా పిట్టగోడో, ఆకాశమో వస్తాయి. పట్టణం నడిబొడ్డున కప్ప ఎలా బతుకుతున్నదో చెప్పే ఫొటో అది. కెమెరా పట్టీ మెడకు తగిలించుకోవడం మాత్రం మరవకండి.

ప్రశ్న: గుంటూరు. మా బాబాయి పొలంలో కప్పలను పట్టి, బకెట్టులో ఇంటికి తెచ్చి, తామరాకు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసి మర్నాడు వదిలేస్తారు. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలవని ఆయన స్నేహితుడెవరో చెప్పారట. ఇది సబబేనా?

జవాబు: కాదు. చలికి మొద్దుబారిన కప్ప కదలనట్టు కనబడడం నిజమే గాని, అది దానికి హింస, చూసేవారికి మోసం. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మం ద్వారానే పీల్చుకుంటుంది, కొంతవరకు గాలి కూడా చర్మం ద్వారానే. మన చేతికున్న ఉప్పు, సబ్బు, దోమల మందు అన్నీ దానిలోకి పోతాయి. అదీగాక ఒక చెరువు కప్పను మరో చోట వదిలినా, బురద బూట్లతో ఒక నీటి నుంచి మరో నీటిలోకి దిగినా కైట్రిడ్ అనే బూజు తెగులు వెంట పోయే ప్రమాదం ఉంది. 1990ల చివర గుర్తించిన ఆ తెగులు ఎన్నో దేశాల్లో కప్ప జాతులను ఊడ్చిపెట్టింది. బూట్లను బ్రష్షుతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చాకే వేరే చోటికి వెళ్ళడం మంచిది.

ఇక ఫొటో సంగతి. వైడ్ లెన్సు వాడేదే కప్ప తన చోటులో ఎలా ఉందో చూపడానికి. తెచ్చిపెట్టిన తామరాకు మీద, తెచ్చిపెట్టిన కప్పను తీసేటప్పుడు ఆ లెన్సు ఎందుకు? మీ బాబాయిగారి మాక్రో లెన్సే చాలు. మన పల్లెల్లో కప్పలను పట్టి కాళ్ళను విదేశాలకు పంపిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. బకెట్టు అప్పటి అలవాటు కాబోలు. కొల్లేరు వైపు వెళ్ళే ఆలోచన ఉంటే అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల అని ఆయనకు చెప్పండి. అటవీ శాఖవారిని అడిగి వెళ్ళాలి, బకెట్టు ఇంట్లో వదిలి వెళ్ళాలి.

ప్రశ్న: పటమట, విజయవాడ. మీ శీర్షిక చదివి మావారు వానాకాలమంతా రాత్రిళ్ళు చేల గట్ల మీద పడుకుంటున్నారు. వద్దంటే వినరు. కనీసం ఏ జాగ్రత్తలు తీసుకోవాలో మీరైనా రాయండి.

జవాబు: తప్పు మాది కూడా కనుక వివరంగానే రాస్తున్నానమ్మా, ఈ పేజీ ఆయన ఎదుట పెట్టండి. కప్పలున్న చోటికి పాములు వస్తాయి. నీళ్ళల్లో కనబడేవి చాలావరకు విషం లేని నీరుకట్టెలే గాని, మన డెల్టా గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉన్నాయి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, తలకు ఒకటి, చేతికి ఒకటి చొప్పున రెండు టార్చిలైట్లు ఉండాలి. పడుకునే ముందు ఆ చోటును కర్రతో తట్టి, బస్తా పరిచాక దాని అంచుల కింద మరోసారి చూడాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి పక్కన ఏమి పాకుతున్నదో తెలియదు కనుక తోడు ఒకరు ఉండి తీరాలి, ఆ తోడు మనిషికి కెమెరా ఉండకూడదు. ఖర్మకాలి కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నాటుమందు వంటివేవీ చేయకుండా, ఆ కాలును కదలనీయకుండా, పాము మందు దొరికే ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. అది ఏ ఆసుపత్రో బయలుదేరక ముందే తెలుసుకుని ఉండాలి.

పాముల కన్న నాకు కరెంటు భయం ఎక్కువ. మోటారు షెడ్డు దగ్గర నీళ్ళల్లో వేలాడే తీగలు, అడవి పందుల కోసం దొంగచాటుగా కట్టే కరెంటు కంచెలు చీకట్లో కనబడవు. పొలం యజమానికి చెప్పకుండా ఏ చేలోనూ దిగవద్దు. ఆయనకు చెబితే మందు కొట్టిన మడి ఏదో కూడా తెలుస్తుంది. కాళ్ళకు పుండ్లు, కోతలు ఉన్న రోజున నీటిలో దిగకపోవడం మంచిది, ఎలుక జ్వరం అలాగే వస్తుంది. ఉరుము వినబడితే కెమెరా సర్దుకుని గట్టు దిగి, చెట్టు కిందికి కాకుండా ఇంటి కప్పు కిందికి చేరాలి.

తిరిగివచ్చాక బూట్లు వాకిట్లోనే విప్పుతారు కదా, తెల్లారి మళ్ళీ తొడిగే ముందు వాటిని బోర్లించి గట్టిగా దులపమనండి. రాత్రంతా చేలో వెతికినా దొరకని కప్ప ఆ చీకట్లో, చెమ్మలో హాయిగా నిద్రపోతూ ఉండడం నాకు రెండుసార్లు అనుభవమే.